చెవులపిల్లి బొమ్మ ఉన్న పౌడర్

మా ఊరి చిరుతల రామాయణంలో కైక వేషం నాది. మీసం మొలిచిన కొత్తలో పట్టిన. ఇప్పుడు మీసం తెల్లబడ్డది, వేషం మాత్రం నా దగ్గరనే ఉన్నది. మీసం గీసి, చీర కట్టి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిరుతలు, అదే చిడతలు, పట్టి దశరథుని ముంగట వరాలు అడుగుత. అప్పుడు కూసున్న ఆడోళ్ళందరు నన్ను తిట్టాలె. తిట్టకుంటే ఆ యేడు నేను సరిగ చెయ్యనట్టు. ఊర్లో ఎవరు ఎదురైనా "ఏం కైకమ్మా, ఇయ్యాల ఎవలిని అడవికి తోలుతున్నవ్?" అంటరు. దానికి నాకు కోపం రాదు. కోపం రావాల్సినవి వేరే ఉన్నయి.

నా పేరు బుచ్చిరాములు. ఊరి బడిలో ఏడో తరగతి దాక చదివిన. మా ఊరు జమ్మికుంటకు దగ్గర. అందరం పత్తి పండించి అక్కడి మార్కెట్ యార్డుకే తోలుతం.

మంథర వేషం లక్ష్మీరాజంది. ఆయన నా భార్య యాదవ్వకు తమ్ముడు, నాకు బామ్మర్ది. యాదవ్వ కరీంనగర్ దవాఖానలో పండుకొని ఉన్నప్పుడు తమ్ముణ్ణి చూడాలని అడిగింది. ఫోన్ చేసిన. "పత్తి బండి లైన్ల ఉన్నది బావా, ఇప్పుడు వస్తే లైన్ పోతది, రేపు పొద్దుగాల వస్త" అన్నడు. లైన్ పోలేదు. అక్క పోయింది. అప్పటి నుంచి ఆయనతోని మాట బంద్. వేషంలో మాత్రం మాట్లాడుత. మంథర చెవిలో ఊదకుంటే కైకకు బుద్ధి పుట్టది కాబట్టి. చిరుతలు కింద పెట్టంగనే ఆయన ఎవరో నేను ఎవరో.

ముఖానికి పూసుకునేది ఎప్పటి నుంచో ఒక్కటే రంగు. పసుపుపచ్చ పొడి, అర్దాలం అంటరు. కొబ్బరినూనెలో కలిపి పూస్తే ముఖం బంగారం లెక్క మెరుస్తది. తోలును మాత్రం కాలుస్తది. ఒక యేడు వచ్చిన పొడి మంచిగ ఉంటది, ఇంకో యేటిది నిప్పు. అందుకని పొడి ఇంటికి రాంగనే యాదవ్వ ముందుగాల కొంచెం తన ముంజేతికి పెట్టుకునేది. తెల్లారి దద్దు లేవకుంటే నా ముఖానికి పూసేది. లేస్తే ఇంకింత నూనె కలిపి మళ్ళీ తన చేతికే పెట్టుకునేది. అట్ల పెట్టీ పెట్టీ ఆ చేతికి నల్లటి మచ్చ పడ్డది. పాడె మీద కూడా ఆ మచ్చ కనబడ్డది.

ఆమె పోయినంక నా ముఖానికి నేనే పూసుకున్న. పోయిన శ్రీరామనవమికి వచ్చింది నిప్పు పొడి. మొదటి వరం అడిగే వరకే చెంపలు ఉబ్బినయి. రెండో వరం సగంలో ఉండంగ ఒక కన్ను మూసుకుపోయింది. కింద కూలబడ్డ. ఆడోళ్ళు తిట్టలేదు. "అయ్యో పాపం" అన్నరు. కైకను చూసి పాపం అంటే ఇక రాముడు అడవికి ఎందుకు పోవాలె?

ఈ యేడు ఆట నేర్చుకునేందుకు చిరుతలు పట్టే రోజు గురువు సదానందం హార్మోనియం మీద చెయ్యి ఆపి నన్ను పిలిచిండు. చాలా ఊర్లకు రామాయణం నేర్పిన మనిషి. ఉన్నది ఉన్నట్టు మాట్లాడుతడు.

"బుచ్చిరాములూ, ముఖం మళ్ళ గట్లయితే ఈసారి నడువది. లక్ష్మీరాజానికి కైక మాటలన్ని నోటికొస్తయి. ఆయనకిచ్చి మంథరను ఇంకెవలితోనన్న ఏపిస్త."

లక్ష్మీరాజం అక్కడనే నిలబడి ఉన్నడు. "నాకెందుకు గురువుగారూ, పెద్దాయనది" అన్నడు. వద్దని మాత్రం అనలేదు.

పొలం నా కొడుకు రాకేశ్ చూసుకుంటడు. ఇల్లు కోడలు కోమల చూసుకుంటది. నాకని ఈ ఊర్లో మిగిలింది ఆ వేషం, దానితోపాటు వచ్చే తిట్లు. అవి కూడా లక్ష్మీరాజానికి ఇచ్చి అరుగు మీద కూసునేటంత మంచితనం నాకు లేదు.

ఈ మాట కోమలకు ఎవరు చెప్పిండ్రో తెలియదు. అన్నం పెట్టుకుంట అడిగింది.

"మామా, గురువుగారు ఏమన్నడట?"

"నీకు తెలిసినంక నన్నెందుకు అడుగుడు?"

"గా పసుపు పొడి ఇగ ముట్టకు. అది రంగు కాదు, విషం. జమ్మికుంటకు పోదాం నడువు. అంబదాస్ మెడికల్ షాపుల మంచి ఫౌండేషన్లు వచ్చినయి."

"ఫౌండేషన్ ఇండ్లకు పోస్తరు."

"ముఖాలకు సుత పోస్తరు. నీ అసొంటి పాతగోడకైతే జర మందంగ పోస్తరు."

నాతోని ఇట్ల మాట్లాడే ధైర్యం ఆ ఇంట్లో ఆమెకే ఉన్నది. కోమలది మంచిర్యాల. వాళ్ళ బాపు బొగ్గుబావిలో చేసిండు. డిగ్రీ చదివింది. ఊర్లో పెండ్లిపిల్లలకు ముఖం సింగారించేది ఆమెనే. ఏ డబ్బ కొన్నా తిప్పి వెనుక రాసిందంతా వేలు పెట్టుకొని చదువుతది. ఉప్పు పుడ కూడా చదువుతది. ఉప్పులో ఉప్పు కాక ఇంకేముంటదో నాకు తెలియదు.

తెల్లారి బస్సెక్కి పోయినం. అంబదాస్ దుకాణంలో ఒక దిక్కు గోలీలు, ఇంకో దిక్కు అద్దాల బీరువాలో సోకు సామాను. ఆయనది ఆదిలాబాద్ దిక్కు. మాటల్లో మరాఠీ దొర్లుతది.

"యా కాకా, బసా బసా. ఏం గావాలె? మోకాళ్ళ గోలీలేనా?"

"మా మామకు ఫౌండేషన్ చూపియ్యి అన్నా" అన్నది కోమల.

అక్కడ గోళ్ళరంగు చూసుకుంటున్న కాలేజీ పిల్లలు ఇద్దరు ఇటు తిరిగిండ్రు. ఒకామె నవ్వాపుకునేందుకు చున్నీ నోట్లో పెట్టుకున్నది.

"కైక ఏషానికి" అన్న నేను. "నవ్వితే నవ్వుండ్రి. పైసల్లేవు దానికి."

అంబదాస్ అన్నిట్లకన్నా తెల్లటి సీసా తీసి ముంగట పెట్టిండు. "రాణి గదా కాకా. రాణి తెల్లగ ఉండాలె."

"ఎవలు చెప్పిండ్రు?" అన్నది కోమల. "కైక మొగనితోని యుద్ధానికి పోయింది. రథం చక్రం ఊడిపోతాంటే చెయ్యి అడ్డం పెట్టింది. ఎండల తిరిగిన మనిషి తెల్లగ ఎట్లుంటది? మామ రంగుకు కలిసేది తియ్యి."

నాకు ఆ మాట నచ్చింది. ఇన్నేండ్లు వేషం కట్టిన, ఈ ముచ్చట నాకు తోచలేదు. కాని నచ్చిందని చెప్పలేదు. చెప్పితే ఇంటిదాక అదే మాట్లాడుతది.

అంబదాస్ ఒక్కొక్కటి తీసి పెట్టిండు. కోమల ఒక సీసా మూత తీసి, చీర కొంగుతోని తన ముంజెయ్యి తుడుచుకున్నది.

"ఆగు మామా, ముందుగాల నా చేతికి పెట్టి చూస్త. మండుతలేదంటే నీకు..."

ఆమె చెయ్యి పట్టి పక్కకు గుంజిన. గట్టిగనే గుంజిన. సీసా అద్దం మీద పడి చప్పుడైంది. కాలేజీ పిల్లలు నవ్వుడు ఆపిండ్రు.

"ఏమైంది మామా?"

"నా ముఖానికి నా చెయ్యి ఉన్నది. నీది తియ్యి."

కోమల నన్ను కొంచెంసేపు చూసింది. నా అంగీ చెయ్యి పైకి మడిచి, ముంజేతి లోపలి దిక్కు మొదటి సీసాలది ఒక బొట్టు పెట్టింది. అంబదాస్ తెచ్చిన తెల్లదాన్ని కూడా పక్కన పెట్టింది. మండుతదో లేదో తెలుస్తదని. తర్వాత ఇంకో డబ్బ తీసింది. దాని మీద చిన్న బొమ్మ. రెండు నిలువు చెవులు, గుండ్రటి తల.

చెవులపిల్లి. కుందేలును మేము అట్లనే అంటం.

నేను చెయ్యి వెనుకకు తీసుకున్న. "ఇది వద్దు."

"ఏ? గిదే మంచిది మామా. నీ రంగుకు సుత కలుస్తది."

"చెవులపిల్లిని చంపే మందు మనిషి ముఖానికి ఎట్ల పూస్తరు?"

కోమల నోరు తెరిచి నిలబడ్డది. అంబదాస్ కూడా.

"ఏం, తప్పన్ననా?" అన్న. "పత్తి మందు డబ్బ మీద పచ్చపురుగు బొమ్మ ఉంటది. ఎలుకల మందు మీద ఎలుక ఉంటది. దోమల బత్తి మీద దోమ ఉంటది. డబ్బ మీద ఏ బొమ్మ ఉంటే అది చస్తది. ఏండ్ల సంది మందు కొడుతున్న, నాకు తెల్వదా?"

కోమల నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డది. కాలేజీ పిల్లలు ఈసారి దాచుకోకుంట నవ్విండ్రు. అంబదాస్ కండ్లద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నడు. "దేవా, కాకా! పదేండ్లు బతకొచ్చు గీ మాట చెప్పుకుంట."

నవ్వుడు అయినంక కోమల చెప్పింది.

"ఇది ఉల్టా మామా. గీ బొమ్మ ఉన్నదంటే కుందేలును ఏం చెయ్యలేదని లెక్క. కొత్తగ ఏదన్న పౌడరో క్రీమో చేస్తే, మనుషులకు మండుతదో లేదో చూడాలె గదా. దానికోసం కుందేళ్ళను కదలకుంట పట్టి కండ్లల్ల పోస్తరు. బొచ్చు గీకి తోలుకు పూస్తరు. ఫోన్ల చూసిన. ఆ రోజు అన్నం తినలే. మా క్వార్టర్‌ల చిన్నప్పుడు రెండు తెల్ల కుందేళ్ళను సాదినం. అచ్చం గవ్వే."

"మండుతే?"

"మండుతే దానికే మండుతది. మనదాంక రాదు."

"అది నోరు తెరిచి చెప్పది గద."

"ఎట్ల చెప్తది మామా?"

"చెప్పేటోళ్ళు సుత చెప్పరు" అన్న.

ఆమెకు అర్థం కాలేదు. కానియ్యి అనుకున్న.

అంబదాస్ వ్యాపారి. ఊరుకోలేదు. "చెల్లె, నిజం చెప్తున్న. ఆ పని మన దేశంల ఎప్పుడో బంద్ వెట్టిండ్రు. బొమ్మ ఉన్నా లేకున్నా ఒక్కటే. గీ పక్కది తీసుకో, ఇంకా మంచి వాసన ఉంటది."

"గుట్కా సుత బంద్ పెట్టిండ్రు గద అన్నా. నీ పక్క పాన్ డబ్బల దొరుకుతలేదా?"

అంబదాస్ పాన్ డబ్బ దిక్కు చూడకుంట దగ్గిండు.

నేను ఊరుకుంటనా? "పోయిన ఆదివారం కోడిని కోసి పులుసు చేసింది నువ్వే. తొడ ముక్క రాకేశ్‌కు వేసినవ్. గప్పుడు కోడి మీద రాని దయ చెవులపిల్లి మీద ఏడికెల్లి వచ్చింది?"

కోమలకు కోపం రాలేదు. ఆలోచించింది. నాకు అదే నచ్చుతది ఆమెలో.

"తినేతందుకు కోసుడు వేరే మామా. ఆకలున్నది, కోసినం, ఒక్క దెబ్బకు అయిపోయింది. సోకు కోసం రోజుల కొద్ది కండ్లు కాల్చుడు వేరే. అన్నిటిని కాపాడుత అంటలేను. ఏడ తప్పించుకోవచ్చో ఆడ తప్పించుకుంట. గంతే."

గంతే అన్న మాట నాకు సరిపోయింది. ఇంకా ఎక్కువ చెప్పి ఉంటే నేను నమ్మేటోణ్ణి కాదు.

చెవులపిల్లి డబ్బలోది కూడా నా చేతికి ఒక బొట్టు పెట్టిచ్చుకున్న. అదే కొన్నం. దాని వెనుక ఆకుపచ్చ చుక్క ఉన్నదని కోమల చూసి పెట్టుకున్నది. బిస్కెట్ పుడ మీద ఉండేటటువంటిదే, నీసు కలువలేదన్న గుర్తు. నీసు అంటే మాంసం, చేపలు, గుడ్లు. బస్సు పోయే యాళ్ళయిందని హార్న్ కొడుతుంటే ఉరుకుడు ఉరుకుడుగ ఒక లిప్‌స్టిక్ కూడా తీసుకున్నది. మందారపువ్వు ఎరుపు. దాని మీద కూడా రెండు చెవులు ఉన్నయి.

ఇంటికొచ్చి అరుగు మీద కూసొని చెయ్యి చూసుకున్న. పొద్దు గూకే వరకు తెల్లటి బొట్టు పెట్టిన చోట దురద మొదలైంది. ఎర్రటి దద్దు లేచింది. మొదటి సీసాది కొంచెం చురుకుమన్నది. చెవులపిల్లిది పెట్టిన చోట ఏం లేదు. తెల్లారి చూసినా ఏం లేదు. యాదవ్వ కూడా పొద్దుగాల లేవంగనే ఇట్లనే వాకిట్లో నిలబడి చెయ్యి వెలుగుకు పెట్టి చూసుకునేది. అప్పుడు నేను పండ్లు తోముకుంట "ఏమన్న లేచిందా?" అని అడిగేటోణ్ణి. ఇప్పుడు కోమల అడిగింది.

"ఏమన్న లేచిందా మామా?"

"లేవలే."

"దేవునికి దండం" అని లోపలికి పోయింది. నేను ఇంకొంచెంసేపు చెయ్యి చూసుకుంట కూసున్న. మంచి ఎండ. పొద్దుగాలటి ఎండ.

ఆ సాయంత్రం గురువు ముంగట చూపించాలని ముఖానికి పూసుకొనే పోయిన. డబ్బ, లిప్‌స్టిక్ రెండు చేతిసంచిలో పెట్టుకున్న. సదానందం నా గదుమ పట్టి అటు ఇటు తిప్పి చూసిండు. "మంచిగున్నది. మెరుపు తక్కువున్నది గని మంచిగున్నది" అన్నడు.

లక్ష్మీరాజం నా సంచి దిక్కు చూస్తున్నడు. డబ్బ బయటికి కనబడుతున్నది. ఆయన నాతోని మాట్లాడడు కదా, అందరితోని మాట్లాడిండు.

"గురువుగారూ, గా డబ్బ మీద చెవులపిల్లి బొమ్మెందుకున్నది? చెవులపిల్లి నెత్తురు పూస్తే తోలు మెత్తగైతది. మా నాయనమ్మ నెత్తికి రాసేది, ఎంటికలు పెరుగుతయని. బొమ్మ ఊరికెనే ఏస్తరా?"

చిరుతల చప్పుడు ఆగింది.

చిరుతలు పట్టినంక పట్టాభిషేకం అయ్యేదాక ఆడేటోళ్ళు ఎవరూ నీసు ముట్టద్దు. అది నియమం. ఇంట్లో వండినా ఆ గిన్నె తాకరు. అసొంటిది ముఖానికి నెత్తురు పూసుకొని దశరథుని పక్కన కూసుంటే? సదానందం హార్మోనియం మూసిండు.

"బుచ్చిరాములూ, నీసు ఉంటే నడువది. ఏషం మాటనే లేదు."

నాకు చదువు వచ్చు. ఆ డబ్బ మీది ఇంగ్లీషు రాదు. కోమలను పిలిపించిన. రొట్టెల పిండి చేతితోనే వచ్చింది. సంగతి విని లక్ష్మీరాజం దిక్కు చూసి "నెత్తురేంది చిన్నమామా, కథలు రాస్తున్నవా?" అన్నది. డబ్బ తిప్పి గురువుకు ఆకుపచ్చ చుక్క చూపించింది. చెవులపిల్లి బొమ్మ ఎందుకో చెప్పింది. గురువు కండ్లద్దాలు పెట్టుకొని చూసి తల ఊపిండు. పక్కన దశరథుడు కూడా వంగి చూసి "బిస్కెట్ చుక్కనే" అన్నడు.

"మరి మూతి రంగో?" అన్నడు లక్ష్మీరాజం.

కోమల సంచిలకెల్లి లిప్‌స్టిక్ డబ్బ తీసింది. తిప్పింది. ఆగిపోయింది.

నేను ఆమె పక్కనే ఉన్న. ఆమె బొటనవేలు కింద చుక్క నాకు కొంచెం కనబడ్డది. ఆకుపచ్చ కాదు, గోధుమరంగు. వేలు అట్లనే పెట్టి "గిది సుత గంతే" అంటే అయిపోయేది. ఎవరూ వేలు తియ్యి అనేటోళ్ళు కాదు. గురువు అప్పటికే కండ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంటున్నడు. వేషం నాకు ఉండేది.

వేలు తీసింది.

"గిది నీసే గురువుగారూ" అన్నది. "ఎరుపు కోసం ఏదో పురుగును దంచి కలుపుతరు. కుందేలు జోలికి పోలేదు గని పురుగును ఇడువలే. నేనే తొందరల చూసుకోలే."

"చూసిండ్రా!" అన్నడు లక్ష్మీరాజం. చిరుతలు రెండు ఒకదానికొకటి కొట్టిండు, పాట అయిపోయినట్టు.

కోమల నా దిక్కు చూసింది. తిడుతననుకున్నట్టుంది. నాకు కోపం ఎక్కువ, అది ఊరందరికి ఎరుక. కాని చుక్క దాచిపెట్టి నన్ను కైకను చేసి ఉంటే అప్పుడు తిట్టేటోణ్ణి.

సదానందం అన్నడు, "ముఖం రంగు సరే. మూతి ఎర్రగ లేకుంటే అది కైక ఎట్లైతది? దూరం కూసున్నోళ్ళకు నోరు కదులుడు కనబడాలె."

"తమలపాకు తెప్పియ్యుండ్రి" అన్న.

"ఏంది?"

"పాన్. సున్నం, కాచు, వక్క. యాదవ్వ ఉన్నన్ని రోజులు నా మూతికి ఏ రంగు పూసిందనుకున్నరు? పాన్ నమిలిపిచ్చేది. నేను ఉమ్మేస్తనంటే నెత్తి మీద మొట్టేది. నోరు, పెదవులు, నాలుక, అన్ని ఎర్రగయ్యేటివి." గురువుకే చెప్తున్న, లక్ష్మీరాజం దిక్కు చూడలేదు. "ఆమె తమ్మునికి యాదికి ఉండాలె. ఆకులు తెచ్చిచ్చేది ఆయననే."

లక్ష్మీరాజం చిరుతలు కొట్టుడు ఆపిండు. తల వంచుకొని గజ్జె ముడి సరిచేసుకున్నడు. అది ఊడిపోలేదు.

సదానందం మళ్ళీ హార్మోనియం తెరిచిండు. "పాన్‌కు నియమం లేదు. కానియ్యుండ్రి" అన్నడు. ఆ లిప్‌స్టిక్ కోమల ఇంట్లో గూట్లో పెట్టింది. ఏ పెండ్లిపిల్లకన్న పనికొస్తది, నియమం లేని పిల్లకు.

ఆట మొదలయ్యే రోజు ఎండ బాగ కొట్టింది. షామియానా కింద ఊరంతా కూసున్నరు. వెనుక చీరలు కట్టిన తడకలో కోమల నాకు ముఖం చేసింది. మెత్తటి స్పంజి ముక్కతోని కొంచెం కొంచెం అద్దింది. యాదవ్వది బరువు చెయ్యి, పిడక చరిచినట్టు చరిచేది. ఈమెది తేలిక. అద్దంలో చూసుకుంటే బంగారు ముఖం లేదు. ఎండలో తిరిగిన ముఖం, కాని నున్నగ ఉన్నది, కండ్లకు కాటుక, నోరు పాన్‌తోని ఎర్రగ.

"ఎట్లున్న?" అని అడిగిన.

"తిట్టబుద్దైతాంది మామా" అన్నది.

అంతకన్నా ఏం గావాలె.

లక్ష్మీరాజం తడక ఆ మూలకు కూసొని పాత పసుపు పొడి పూసుకుంటున్నడు. కోమల డబ్బ చూపించి అడిగింది. "మాకు పాతదే మంచిది బిడ్డా. అలవాటున్న తోలు" అన్నడట. ఆయనకు పూసేందుకు ఇప్పుడు అక్క లేదు. చేతికి పెట్టుకొని చూసే అలవాటు ఆయనకెప్పుడూ లేదు.

నేను బయటికి రాంగనే ముంగట కూసున్న ఒక ముసలామె పక్కామెతోని గట్టిగనే అన్నది, "ఏందే, ఈ యేడు కైక మన ఇంటి మనిషి లెక్కున్నది!" "ఇంటి మనిషైతేనే ఇంకా పెద్ద కైక" అన్నది పక్కామె. మంచిగనిపించింది.

మంథర వచ్చింది. పాట పాడుకుంట నా చుట్టు తిరిగి, వంగి నా చెవి దగ్గరికి నోరు తెచ్చింది. అక్కడ హార్మోనియం ఒక్కటే మోగుతది, మంథర ఏమంటదో ఎవరికీ వినబడది. ఇన్నేండ్లు లక్ష్మీరాజం అక్కడ ఊరికెనే పెదవులు కదిపేటోడు. ఈసారి మాట వచ్చింది.

"బావా, ముఖం మండుతాంది."

పక్కకు చూసిన. చెంపలు అప్పుడే ఎర్రగ ఉబ్బుతున్నయి. చెమటతోని పసుపు కారి కండ్లలోకి పోతున్నది.

"మంథరా," అని గట్టిగ అన్న, వేషం మాటలోనే, అందరికి వినబడేటట్టు, "నువ్వు చెప్పింది నా చెవిన పడ్డది. ఇక నువ్వు లోపలికి నడువు."

పాటలో ఆ మాట లేదు. సదానందం ఒక్కసారి నా దిక్కు చూసి హార్మోనియం అటే మలిపిండు. లక్ష్మీరాజం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని తడక వెనుకకు ఉరికిండు. జనం అది కూడా కథే అనుకున్నరు.

తర్వాత నేను అలకపాన్పు మీద పడుకున్న. దశరథుడు వచ్చిండు, బతిమిలాడిండు, ఏడ్చిండు. చెమట కారుతున్నది, ముఖం మీద చురుకు లేదు, మంట లేదు. మొదటి వరం అడిగిన. రెండో వరం అడిగిన, పూర్తిగ. పాన్ నోరు తెరిచి నవ్విన. "నీ నోట్ల మన్ను పడ!" అని ఒకామె అరిచింది. "నీ కడుపు కాల" అని ఇంకొకామె. చిన్నపిల్ల ఒకతి ఏడ్చింది. రాకేశ్ వెనుక నిలబడి నవ్వుతున్నడు. నన్ను అంత మంచిగ తిట్టక చాలా రోజులైంది.

తడక వెనుకకు పోయే వరకు లక్ష్మీరాజం బకెట్ ముంగట కూసొని ముఖం కడుక్కుంటున్నడు. కోమల ఆయన పక్కన చెవులపిల్లి డబ్బ పట్టుకొని నిలబడ్డది, ఇయ్యాల్నా వద్దా అని నన్ను చూస్తున్నది. రేపటి ఆటలో శత్రుఘ్నుడు మంథరను జుట్టు పట్టి ఈడ్చే కథ ఉన్నది. ఆయన ముఖం లేకుండ అది నడువది.

డబ్బ తీసుకొని ఆయన ముంగట పెట్టిన. ఆయన మూత తీసి, వేలితోని తీసి నేరుగా చెంపకు పెట్టుకోబోయిండు.

"ముందుగాల చేతికి" అన్న. "తెల్లారి దాక చూడు. దద్దు లేవకుంటే, చెంపలు తగ్గితే పూసుకో."

ఆయన నన్ను చూసిండు. వేషం బయట నేను ఆయనతోని మాట్లాడి ఎన్నేండ్లైందో ఇద్దరికీ తెలుసు. "చేతికి ఎందుకు బావా?"

"మీ అక్కను అడుగు."

ఆయన కొంగుతోని చెయ్యి తుడుచుకొని ముంజేతికి ఒక బొట్టు పెట్టుకున్నడు. పెట్టుకొని దాన్నే చూసుకుంట కూసున్నడు. అట్లనే అడిగిండు.

"మాఫ్ చేసినట్టేనా బావా?"

"చెయ్యలే. ఉబ్బిన ముఖంతోని పోతే రేపు నిన్ను ఈడ్చేటప్పుడు ఆడోళ్ళు జాలిపడుతరు. మంథర మీద జాలిపడితే కైక పరువేం గావాలె? గందుకిచ్చిన."

కోమల అటు తిరిగి నవ్వింది. భుజాలు కదులుతున్నయి.

నేను ఒక మూలకు కుర్చీ వేసుకొని, గజ్జెలు ఇప్పకుండనే, నోట్లో మిగిలిన పాన్ నములుకుంట కూసున్న. తడక అవతల దశరథుడు ఇంకా ఏడుస్తున్నడు. ఆడోళ్ళు ఇంకా నన్ను తిడుతనే ఉన్నరు.